కిటికీ దగ్గర కార్తెలు: ఫ్లాటులో ఉంటూనే రుతువులను మళ్లీ గుర్తుపట్టే పద్ధతి

మూడేళ్ల కిందట జూన్‌లో అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి, "మృగశిర వచ్చింది కదరా, మీకు వాన పడిందా?" అని అడిగింది. "ఒక్క నిమిషం" అని ఫోన్‌లోనే వాతావరణం చూసి, "పడుతోందట" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తరువాత అంది: "పడుతోందట ఏమిటిరా? నీ ఇంటికి కిటికీ లేదా?"

ఉంది. రెండడుగుల దూరంలో ఉంది. ఏసీ చల్లదనం పోకుండా బిగించి, పైన మందపాటి తెర వేసి ఉంది. తెర తీసి చూస్తే కింద పార్కింగ్‌లో నీళ్లు కాలువ కట్టి పారుతున్నాయి. గంట నుంచి కురుస్తోందని వాచ్‌మన్ చెప్పాడు.

ఆ "ట" నన్ను చాలా రోజులు వదల్లేదు. పక్క ఊళ్లో జరిగిన పెళ్లి గురించి ఎవరో చెబితే విన్నట్టు, నా నెత్తిమీద పడుతున్న వాన గురించి మాట్లాడాను. ఆ "ట"ను తీసేయడానికి అప్పటి నుంచి హైదరాబాద్‌లో, మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటూ చేసిన పనుల్లో నిలబడినవి ఇక్కడ రాస్తున్నాను. వారాంతపు రిసార్టులు ఇందులో లేవు. కారెక్కి వెళ్లి, ఫొటోలు తీసుకుని, కారెక్కి వచ్చే చోటే ప్రకృతి అనుకున్నంతకాలం నాకు ఒక్క చెట్టు పేరు కూడా కొత్తగా రాలేదు. మనం పోగొట్టుకున్నది పచ్చదనం కంటే ఎక్కువగా పేర్లు, తేదీలు. వాటిని ఇంట్లో కూర్చునే తిరిగి సంపాదించుకోవచ్చు.

ముందు ఒక రోజు లెక్క

ఏదైనా పనిదినం ఎంచుకుని, నెత్తిన కప్పు లేకుండా ఎన్ని నిమిషాలు గడిపారో రాయండి. కారు లెక్కలోకి రాదు, మెట్రో రాదు, పైన శ్లాబు ఉన్న బాల్కనీ కూడా రాదు. నాకు 22 నిమిషాలు వచ్చాయి. అందులో 9 నిమిషాలు క్యాబ్ కోసం గేటు దగ్గర తల వంచి ఫోన్ చూస్తూ నిలబడినవి. అమెరికాలో 1990లలో తొమ్మిది వేల మందికి పైగా జనాన్ని అడిగి చేసిన సర్వేలో, మనిషి సమయంలో 87 శాతం కట్టడాల లోపల, మరో 6 శాతం వాహనాల్లో పోతోందని తేలింది. మన దగ్గర పొలానికో, తోపుడు బండికో, కట్టుబడి పనికో వెళ్లేవారికి ఎండ తప్పించుకోవడమే పెద్ద సమస్య. నేను రాసేది ఏసీ గదిలో కూర్చుని జీతం తీసుకునే నాలాంటి వారికి.

లెక్క రాసిన కాగితాన్ని దాచండి. ఆరు నెలల తరువాత మళ్లీ రాయాలి.

సామాను

కార్తెలు ముద్రించిన గోడ క్యాలెండర్, 200 పేజీల నోటుపుస్తకం, పెన్సిల్, స్కేలు. ఇంతే. బైనాక్యులర్ మొదటి ఏడాది కొనకండి. కొన్నవారిలో చాలామంది దాన్ని తుడుచుకోవడంలోనే ఏడాది గడిపేస్తారు.

నోటుపుస్తకాన్ని తేదీలవారీగా కాకుండా కార్తెలవారీగా పంచండి. 27 కార్తెలు, ఒక్కోదానికి ఏడు పేజీలు: 189. మిగిలిన పేజీలు ధోబీ లెక్కకు పనికొస్తాయి. ప్రతి భాగం మొదటి పేజీ పైన కార్తె పేరు, అది మొదలయ్యే తేదీ రాయండి. ఈ ఏడాది రాసిన దాని కిందనే వచ్చే ఏడాదిది రాస్తారు కాబట్టి ఒకే పుస్తకం చాలా ఏళ్లు వస్తుంది.

కార్తె సంగతి

ఇక్కడ కాస్త ఆగాలి. మా అమ్మ నోటి నుంచి రోజూ వచ్చే ఈ మాటకు అర్థం ఏమిటో నాకు నలభై ఏళ్లు దాటాక తెలిసింది.

సూర్యుడు ఏడాదిలో 27 నక్షత్రాల మీదుగా సాగుతాడు. ఒక్కో నక్షత్రంలో 13, 14 రోజులు ఉంటాడు. ఆ కాలం పేరే కార్తె. తిథులు చంద్రుణ్ణి పట్టుకుని నడుస్తాయి, అందుకే ఉగాది ఒక ఏడాది మార్చిలో, ఒక ఏడాది ఏప్రిల్‌లో పడుతుంది. కార్తెలు సూర్యుణ్ణి పట్టుకుని నడుస్తాయి కాబట్టి ఏటా దాదాపు ఒకే తేదీకి వస్తాయి: రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8కి, ఆరుద్ర జూన్ 22కి, ఒక రోజు అటూ ఇటూగా. వానలు కూడా సూర్యుడి దారినే వస్తాయి. అందుకే పెళ్లికి తిథి చూసుకున్న రైతే విత్తనానికి కార్తె చూసుకున్నాడు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన మెలిక ఒకటి ఉంది. మృగశిర కార్తెలో మృగశిర నక్షత్రం కనబడదు. సూర్యుడు దాని దగ్గరే ఉంటాడు కనుక అది పగలు ఉదయించి పగలే అస్తమిస్తుంది. ఆరు నెలలు తిరిగేసరికి అదే నక్షత్రం పొద్దుగూకాక తూర్పున పైకి వస్తుంది. ఆ నెల పున్నమి చంద్రుడు దాని దగ్గర ఉంటాడు కాబట్టి ఆ నెల మార్గశిరం అయింది. కనబడనప్పుడు వాన, కనబడినప్పుడు చలి. ఈ రెండింటినీ కలిపి చూసినవాళ్ల దగ్గర దూరదర్శిని లేదు. ఆరుబయట మంచం ఉంది.

సామెతలు ఈ క్యాలెండర్‌కు కట్టిన గుర్తులు. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి." "మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుంది." "ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి." మూడోది ప్రతి ఏడాదీ నిజం కాదు, నేను రాసి చూశాను. కానీ సామెత తప్పిందని తెలియాలన్నా వాన ఎప్పుడు పడిందో తెలిసి ఉండాలి కదా.

కాబట్టి చేయవలసిన పని: ప్రతి కార్తె మొదటి రోజున ఒక్క పూట, పదిహేను నిమిషాలు, నోటుపుస్తకంతో కిటికీ దగ్గర కూర్చోవడం. రాయవలసినవి కింద చెబుతున్నాను. ఏ కార్తె నడుస్తుంటే దానితోనే మొదలుపెట్టండి. ఉగాది కోసమో, జనవరి 1 కోసమో ఆగినవారు ఆగుతూనే ఉంటారు.

కిటికీని కొలవండి

1984లో రోజర్ అల్‌రిచ్ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేశాడు. పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మందిని, సగం సగంగా జతలు కట్టి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనబడిన 23 మంది సగటున 7.96 రోజుల్లో ఇంటికి వెళ్లారు. ఇటుక గోడ కనబడిన 23 మందికి 8.70 రోజులు పట్టింది. ఘాటైన నొప్పి మందులు కూడా చెట్లు చూసినవారే తక్కువ తీసుకున్నారు. చిన్న పరిశోధనే. అయినా ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మాడ్యులర్ కిచెన్‌తో పాటు కిటికీ బయట ఏముందో కూడా చూడాలని నాకు అప్పుడే తోచి ఉంటే బాగుండేది.

మీ కిటికీ ఏ దిక్కుకు ఉందో తెలుసుకోండి. ఎండ లోపలికి పడే చోట, ప్రతి కార్తె మొదటి రోజు ఉదయం ఒకే సమయానికి, ఎండ అంచు ఎక్కడుందో గుర్తు పెట్టండి. నేను మొదట సుద్దముక్కతో నేల మీద గీశాను. మరునాడు ఇల్లు తుడిచే ఆమె నా ఖగోళశాస్త్రాన్ని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసింది. ఇప్పుడు గోడ మూలలో, సోఫా వెనక, పెన్సిల్ గీతలు పెడుతున్నాను. ఇంటావిడ ఇంకా చూడలేదు.

ఈ గీతలు ఎంత దూరం నడుస్తాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. హైదరాబాద్‌లో సూర్యుడు ఉదయించే చోటు జూన్‌కూ డిసెంబరుకూ మధ్య దాదాపు 49 డిగ్రీలు జరుగుతుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. అంటే అయిదు పిడికిళ్ల దూరం. "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు" అన్నది ఏడాదిలో రెండు రోజులు మాత్రమే పూర్తి నిజం. దక్షిణపు కిటికీలోకి డిసెంబరు ఎండ మంచం దాకా వస్తుంది, జూన్‌లో గడప కూడా దాటదు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి ఉత్తరంగా ఉంటాడు, అప్పుడు ఉత్తరపు కిటికీకి ఎండ తగులుతుంది. ఉత్తరపు గదికి ఏడాదంతా ఎండ రాదని నమ్మి తెర కొనకుండా మోసపోయినవాళ్లలో నేనొకణ్ణి.

ఈ రెండు హద్దుల దగ్గర ఒక వేడుక ఉంది. మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మధ్యాహ్నం 12.10, 12.25 మధ్య డాబా మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి పెట్టండి. నీడ దాని కిందికి దూరిపోతుంది. పక్కింటి పిల్లలను పిలవండి. నేను పిలిస్తే పిల్లల కంటే తాతలు ఎక్కువమంది వచ్చారు.

సూర్యోదయ సమయం కూడా రాస్తూ ఉండండి. అన్నిటికంటే ఆలస్యంగా తెల్లవారేది డిసెంబరులో అనుకుంటాం. నిజానికి జనవరి రెండో సగంలో, 6.50 ప్రాంతంలో. సంక్రాంతి వెళ్లాక కూడా పొద్దున్నే లేవబుద్ధి కాకపోవడానికి నాకు దొరికిన ఏకైక శాస్త్రీయమైన సాకు ఇదే.

ఒకే ఒక చెట్టు

తోట వద్దు, అడవి వద్దు. కిటికీలోంచి కనబడేదో, రోజూ నడిచే దారిలో ఉన్నదో ఒక చెట్టును ఎంచుకోండి. ఆకులు రాల్చే చెట్టయితే మంచిది: వేప, రావి, కానుగ, రేల, నిద్రగన్నేరు. ప్రతి కార్తెకూ నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. లేత ఆకు ఉందా? పూత ఉందా? కాయ ఉందా? కొమ్మల మీద ఎవరున్నారు? లేదు అన్నది కూడా రాయాలి. ఫిబ్రవరిలో "పూత లేదు" అని రాసినవారికే మార్చిలో "పూత" అన్న మాటకు విలువ తెలుస్తుంది.

నాది మా గేటు పక్కన ఉన్న కానుగ. అప్పటిదాకా దాన్ని నేను కారు నీడగా మాత్రమే ఎరుగుదును. మొదటి ఏడాది మార్చిలో, ఉత్తరాభాద్ర కార్తెలో, వారం తిరిగేలోపు పాత ఆకంతా రాల్చి, నూనె రాసినట్టు మెరిసే లేత ఆకు తొడిగింది. మంచి ఎండాకాలంలో, ఒక్క చుక్క వాన లేకుండా. ఆ నీళ్లు ఎక్కడివి? వేళ్లు ఎంత లోతుకు పోయాయో మనం చూడలేం, చిగురును చూసి ఊహించుకోవాలి. జూన్ వచ్చేసరికి ఆకుల మీద పొక్కుల్లాంటి బుడిపెలు లేచాయి. చెట్టుకు రోగం వచ్చిందని మా అపార్ట్‌మెంట్ సంఘంలో మందు కొట్టించాలన్న తీర్మానం దాకా వెళ్లింది. అవి కంటికి ఆనని ఒక రకం నల్లి వల్ల వచ్చే బుడిపెలు, కానుగకు మామూలే, చెట్టు చావదు. ఈ ఒక్క మాట చెప్పగలిగినందుకు సంఘంలో నాకు లేని గౌరవం వచ్చింది.

వేప ఎంచుకుంటే మార్చి, ఏప్రిల్‌లలో పూత. రావి ఎంచుకుంటే ఎండలు ముదరకముందే రాగిరంగు చిగురు. నిద్రగన్నేరయితే రోజూ సాయంత్రం ఆకులు ముడుస్తుంది, మబ్బు దట్టంగా పట్టినా ముడుస్తుంది. మన దేశంలో ఇలా చెట్లను వారం వారం గమనించి రాసే సీజన్‌వాచ్ అనే కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. మీ చెట్టును అందులో నమోదు చేస్తే మీ "పూత లేదు" కూడా ఎవరికో లెక్కకు వస్తుంది.

చెవులు తెరవండి

తెల్లవారి పది నిమిషాలు కిటికీ తీసి వినండి. దోమల భయం ఉంటే జాలీ పెట్టించండి, అద్దం మాత్రం తీయండి. మొదటి వారం అన్నీ కలిపి "పిట్టలు" అనిపిస్తాయి. రెండో వారానికి నాలుగు విడిపోతాయి: కాకి, గోరింక, చిలుక, పావురం. తరువాత నెమ్మదిగా పిగిలిపిట్ట, తేనెపిట్ట. చలికాలం చివర రేకు మీద సుత్తితో కొడుతున్నట్టు టుక్, టుక్, టుక్ అని ఆగకుండా వినిపిస్తే ఎక్కడో కట్టడం పని అనుకోకండి. అది కంసాలి పిట్ట. పిడికిలంత ఉంటుంది, ఎండు కొమ్మ చివర కూర్చుంటుంది. ఎండిన కొమ్మలోనే తొర్ర చేసి గుడ్లు పెడుతుంది. చెట్టు "శుభ్రం" చేయించే ముందు అది గుర్తుంచుకుంటే మేలు.

కోయిల తొలి కూత తేదీని తప్పకుండా రాయండి. కూసేది మగది, నల్లగా ఉంటుంది. ఆడది మచ్చల ఒంటితో, కిక్ కిక్ మని వేరే అరుపు అరుస్తుంది. కాకి గూట్లో గుడ్డు పెట్టే ఘనకార్యం దానిది. మగది దూరంగా కూసి కాకులను తన వెంట పరుగెత్తిస్తుంటే ఆడది గూట్లోకి దూరుతుంది. మే, జూన్ నెలల్లో కాకులు కోయిలను తరుముతూ కనబడితే కథ ఏ ఘట్టంలో ఉందో మీకు తెలుస్తుంది.

ఫోన్‌లో కూత వినిపిస్తే పేరు చెప్పే మెర్లిన్ అనే యాప్ ఉంది, బాగానే చెబుతుంది. ముందు మీ మాటల్లో "తాళం గుత్తి ఊపినట్టు" అనో, "సైకిల్ బ్రేకు" అనో రాసుకుని, ఆ తరువాతే దాన్ని అడగండి. యాప్ చెప్పిన పేరు మరునాటికి మరచిపోతాం, మనం పెట్టిన పోలిక మరవం.

పావురాలకు గింజలు వేయకండి. వాటి రెట్ట ఎండి పొడిగా గాలిలో కలిసి ఊపిరితిత్తులకు మొండి జబ్బు తేవచ్చు. పుణ్యం కావాలంటే వేసవిలో మట్టి మూకుడులో నీళ్లు పెట్టి, రోజూ కడిగి మార్చండి.

వానను కొలవండి

పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు ఉండే ప్లాస్టిక్ సీసాను మెడ కింద కోసి, ఆ పై భాగాన్ని గరాటులా తలకిందులుగా అందులోనే అమర్చండి. అడుగు వంకర టింకరగా ఉంటుంది కాబట్టి కొన్ని నీళ్లు పోసి ఆ మట్టానికి సున్నా గీత పెట్టండి. డాబా మీద, పిట్టగోడకు దూరంగా ఉంచండి. వాతావరణ శాఖ ఉదయం 8.30కు కొలుస్తుంది, మీరూ అప్పుడే కొలవండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద అది 74 వేల లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు పదిహేను. మేలో ట్యాంకర్ కోసం ఫోన్ పట్టుకుని నిలబడ్డప్పుడు ఈ లెక్క బాగా గుర్తొస్తుంది.

తొలకరి రాత్రుల్లో ఇంకో పని ఉంది. మొదటి పెద్ద వాన పడిన సాయంత్రం మా హాల్లో ట్యూబులైటు చుట్టూ ఉసిళ్లు ముసిరాయి. చిన్నప్పుడు లైటు కింద నీళ్ల బేసిన్ పెట్టేవాళ్లం. ఈసారి కూర్చుని చూశాను. ఒకటి నోటుపుస్తకం మీద పడింది. గోధుమరంగు ఒళ్లు, దానికి రెట్టింపు పొడవున్న నాలుగు పల్చటి రెక్కలు. పేజీ మీద గిరగిరా తిరిగింది, ఒక పక్కకు ఒరిగింది, తడిసిన చొక్కా విప్పినట్టు ఒళ్లు విదిలించింది. రెక్కలు నాలుగూ ఊడి కాగితానికి అతుక్కున్నాయి. కాసేపటికి రెక్కలు పోయిన మరొకటి వచ్చి దాని తోక వెనక చేరింది. రెండూ ఒకదాని వెనక ఒకటి, రైలు పెట్టెల్లా, పేజీ దిగి, టేబులు దిగి, గోడ వెంట వెళ్లాయి. నేల తవ్వుకుని కొత్త పుట్ట పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటున్నాయి. మూడో అంతస్తు టైల్స్ మీద ఆ చోటు లేదు. అప్పటి నుంచి ఆ రాత్రులు ఒక అరగంట లైట్లన్నీ తీసేస్తున్నాం. కరెంటు పోయిందని పక్క ఫ్లాటువాళ్లు అడుగుతారు, లేదని చెబుతాం.

ఆరుద్ర కార్తెలో, వాన వెలిసి కాస్త ఎండ వచ్చిన ఉదయం, గడ్డి పల్చగా ఉన్న మట్టినేల దగ్గరికి వెళ్లండి. చెరువు కట్టో, ఖాళీ జాగానో. ఎర్రటి మఖమల్ ముక్క కదులుతున్నట్టు ఆరుద్ర పురుగు కనబడాలి. ఏడాదిలో ఎక్కువ కాలం నేలలోనే ఉండి, తొలి వానలకు పైకి వస్తుంది. ఎనిమిది కాళ్లు ఉంటాయి, సాలీడుకు దూరపు చుట్టం. అగ్గిపెట్టెలో పెట్టుకుని బడికి తీసుకెళ్లిన తరం మనది, ఇప్పుడు వద్దు. నేను రెండు ఏళ్లు వెతికాను, మా కాలనీలో ఒక్కటీ దొరకలేదు. మూడో ఏడు చెరువు కట్ట మీద మూడు కనిపించాయి.

ఒక కుండీ, కరివేపాకు

బాల్కనీ నిండా మొక్కలు పెట్టమనే వీడియోలు చాలా ఉన్నాయి. నేను ఒక్క కరివేపాకు మొక్కతో ఆగమంటాను. పన్నెండు అంగుళాల కుండీ, ఎర్రమట్టి, మాగిన ఎరువు, కొద్దిగా ఇసుక, రోజుకు నాలుగైదు గంటల ఎండ. తాలింపుకు రెమ్మ దొరుకుతుంది, అది లాభం. అసలు సంగతి వేరు: దాని మీద సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి.

లేత ఆకు మీద ఆవగింజ కంటే చిన్న పసుప్పచ్చ పూస కనబడితే తుడవకండి. మూడు నాలుగు రోజుల్లో పిట్టరెట్ట లాంటి పురుగు బయటికి వస్తుంది. అచ్చం రెట్టే: నలుపూ తెలుపూ, తడిగా మెరుస్తూ. రెట్టను ఏ పిట్టా తినదు కదా, అదే దాని ఎత్తు. పెద్దదయ్యాక కుబుసం విడిచి ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి రెండు కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. సగం మొక్క తినేస్తుంది, తిననివ్వండి. మళ్లీ చిగురిస్తుంది. గుడ్డు నుంచి రెక్కలదాకా నెల రోజుల పని. మందు కొట్టిన మొక్క దగ్గర ఈ నెల రోజులూ ఏమీ జరగదు.

సంచి పట్టుకుని

సూపర్‌మార్కెట్‌లో ఏడాదంతా ఒకే కూరలుంటాయి, అక్కడ రుతువు తెలియదు. నెలకు రెండుసార్లు రైతుబజారుకో, వారపు సంతకో వెళ్లి, "కొత్తగా ఏమొచ్చింది?" అని మాత్రమే అడగండి. ఏప్రిల్‌లో ముంజలు, చింతచిగురు. జూన్‌లో నేరేడు. వానలు పడ్డాక బోడకాకర. అక్టోబరుకు సీతాఫలం. చలికి తేగలు, సంక్రాంతికి రేగుపళ్లు. కింద గోనెపట్టా పరచుకుని నాలుగు కట్టలు అమ్మే ముసలమ్మలను అడిగితే ఆకుకూర పేరుతో పాటు అది ఏ గట్టు మీద మొలుస్తుందో కూడా చెబుతారు. బతుకమ్మకు తంగేడు, గునుగు కొనేటప్పుడు అవి ఎక్కడ కోశారో కూడా అడగండి. ఏటేటా ఇంకా దూరం పేరు చెబుతున్నారు.

రాత్రి

నగరపు వెలుగులో నక్షత్రాలు కనబడవని తేల్చేస్తాం. పది కనబడినా చాలు. ఆకాశపు చుట్టును 27 నక్షత్రాలకు పంచితే ఒక్కోదానికి 13 డిగ్రీల పైచిలుకు జాగా, చంద్రుడు దాదాపు రోజుకొకటి దాటుతాడు. పిడికిలి కొలతతో వరుసగా మూడు రాత్రులు ఒకే సమయానికి చూడండి, పిడికిలి మీద కాస్త ఎక్కువ జరిగి ఉంటాడు. కార్తీక పున్నమినాడు దీపాలు వెలిగించాక డాబా ఎక్కి, చంద్రుణ్ణి అరచేత్తో మూసి, పక్కన చిన్న చుక్కల గుంపు ఉందేమో వెతకండి. అదే కృత్తిక, పల్లెల్లో పిల్లలకోడి అంటారు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఎర్రగా రోహిణి, ఇంకొంచెం తూర్పుకు అదే ఛాయలో ఆరుద్ర. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడికి మన వానలు, ఆరుద్ర పురుగు దొరకవు గాని ఈ భాగం మాత్రం చెక్కుచెదరకుండా దొరుకుతుంది. అమ్మతో వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకే చుక్క గురించి మాట్లాడుకుంటారు, దాదాపు పన్నెండు గంటల తేడాతో.

పిల్లలుంటే

వారికి కార్తెలు నేర్పే ముందు బయటికి పంపండి. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడుల్లో ఒకటో తరగతి పిల్లలతో మూడేళ్లు చేసిన ప్రయోగం 2015లో వచ్చింది. రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపిన పిల్లల్లో 30.4 శాతం మందికి దూరపుచూపు మందగించింది, మామూలుగా ఉన్నవారిలో 39.5 శాతం మందికి. బయట చెట్టు నీడలో కూడా వెలుగు మన హాల్లోని లైట్ల వెలుగుకు ఎన్నో రెట్లు ఉంటుంది. అద్దం వెనక కూర్చుంటే విటమిన్ డి రాదు, దానికి కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. మన నీడ మనకంటే పొట్టిగా ఉన్న వేళల్లోనే ఆ కిరణాలు బాగా అందుతాయి. అలాగని రోహిణి ఎండలో నిలబెట్టకండి, వేసవిలో పదికి ముందే ముగించండి.

అప్పుడప్పుడు గేటు దాటి

పెద్దలకు కూడా ఒక కొలత ఉంది. ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది సమాచారంతో 2019లో వచ్చిన అధ్యయనంలో, వారానికి 120 నిమిషాలు పచ్చటి చోట్ల గడిపినవారు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. అవి ఒకేసారి గడిపినా, ముక్కలుగా గడిపినా తేడా లేదట. (ఈ "ట" తప్పదు, అక్కడికి నేను వెళ్లలేదు.) హైదరాబాద్‌లో దీనికి కేబీఆర్ పార్కు ఉంది, జాతీయ ఉద్యానం హోదా ఉన్న నగరం నడిబొడ్డు అడవి, చెవుల్లో పాటలు పెట్టుకోకుండా ఒక్కసారి నడవండి. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువుకు చలికాలంలో వెళ్లండి, వలస పక్షులుంటాయి. ఖాజాగూడ గుట్టల మీద బండను అరచేత్తో ముట్టుకోండి. దాని వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అదే రాయిని ముక్కలు కోసి మన వంటగది గట్టు మీద పరుస్తారు.

మానేసిన వారాలు

మానేస్తారు. నేను మొదటి ఏడాది మఖ నుంచి చిత్త దాకా అయిదు కార్తెలు ఒక్క ముక్క రాయలేదు, ఆఫీసులో ప్రాజెక్టు గొడవ. ఆ పేజీలు ఖాళీగానే ఉంచండి. గుర్తు తెచ్చుకుని నింపకండి, అబద్ధం రాస్తారు. నోటుపుస్తకం కార్తెలవారీగా ఉండటం వల్ల వచ్చే ఏడాది ఆ ఖాళీ పేజీ మళ్లీ మీ ముందుకే వస్తుంది.

నా ఉత్తరాభాద్ర పేజీలో ఇప్పుడు మూడు వరుసలున్నాయి. మొదటి ఏడాది: "కానుగ చిగురు. కోయిల రోజూ కూస్తోంది, ఎప్పుడు మొదలైందో తెలియదు." రెండో ఏడాది: "కానుగ చిగురు నాలుగు రోజులు ముందు. వేప పూత, ఎదురు వీధిలో. కోయిల శతభిషంలోనే మొదలు." మూడో ఏడాది వరుస నా చేతిరాత కాదు. అమ్మ వచ్చి వారం ఉంది, కిటికీ దగ్గర కుర్చీ ఆమెదే అయింది. రాసింది: "వేపపూత బాగుంది. ఎండబెట్టాను, డబ్బాలో పోశాను. పై అరలో ఉంది."